మేడిచర్ల పెరుగు కేంద్రం

మా మేడిచర్ల పురపాలక సంఘంలో ఇంగ్లీషు మాట కనబడకూడదని ఉత్తర్వు వచ్చిననాడు అందరికన్నా ఎక్కువ సంతోషించినవాణ్ణి నేనే. ఇంగ్లీషు రాకపోవడం అప్పటిదాకా నా ఒక్కడికే ఉన్న లోపం. ఆ రోజు నుంచి అది ఆఫీసు మొత్తానికి కావలసిన అర్హత అయింది.

నా పేరు గవర్రాజు. పట్టణ ప్రణాళికా విభాగంలో పటాలు గీసే ఉద్యోగం. ఏ రోడ్డు గీయాలో, ఏ చెరువు చెరపాలో పైవాళ్ళు చెబుతారు, నేను గీస్తాను, చెరుపుతాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను గీసిన రోడ్లలో నిజంగా పడ్డవి రెండు. చెరిపిన చెరువులు మాత్రం అన్నీ పోయాయి.

ఉత్తర్వును మా కమిషనర్ పరాంకుశంగారు అక్షరాలా అమలు చేశారు. ముందుగా తన గది మీదున్న ‘కమిషనర్’ అన్న బోర్డే పీకించారు. దానికి సరైన తెలుగు మాట ఖరారయ్యేసరికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఆ గదిలో ఎవరుంటారో జనానికి తెలియలేదు, ఆఫీసు పని చాలా సాఫీగా సాగింది. చివరికి ‘పురపాలనా నిర్వాహకులు’ అని రాయించారు. ఈ కథకు ఆ ఉత్తర్వు వర్తించదు కాబట్టి నేను కమిషనర్ అనే అంటాను.

ఆ నెలలోనే పై ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ దిగింది. రాబోయే పాతికేళ్ళలో ప్రతి పట్టణమూ ఎలా ఎదగాలో చెప్పే మహా ప్రణాళిక ఒకటి తయారుచేసి పంపాలన్నది దాని సారాంశం. ఇలాంటివి లోగడ ఇంగ్లీషులో వచ్చేవి. మేము చదవకుండా పాటించేవాళ్ళం. ఈసారి తెలుగులో వచ్చింది కనుక చదవాల్సి వచ్చింది. కష్టమంతా అక్కడ మొదలైంది.

జరిగిందేమిటో ముందే చెప్పేస్తాను. పై ఆఫీసులో ఎవరో ఇంగ్లీషు కాగితాన్ని పక్కన పెట్టుకుని, ఇంకో పక్క పదకోశం పెట్టుకుని తెలుగు చేశారు. ‘గ్రోత్’ అన్న మాట కోసం వెతికితే, పై వరసలో ‘గ్రో’ ఎదురుగా ‘పెరుగు’ అని ఉంది. అదే ఎక్కించారు. పదిహేడు చోట్ల గ్రోత్ ఉంది, పదిహేడు చోట్లా పెరుగు పోశారు.

మా పట్టణ ప్రణాళికాధికారి సీతాపతిగారు దాన్ని సమావేశంలో లేచి నిలబడి చదివారు. ఆయన గొంతు పెద్దది, నమ్మకం ఇంకా పెద్దది.

“ప్రతి పట్టణము తన పెరుగు కేంద్రమును గుర్తించవలెను. పెరుగు సహజముగా ఎచ్చట జరుగుచున్నదో అచ్చటనే దానిని ప్రోత్సహించవలెను. ప్రణాళిక లేని పెరుగును కఠినముగా అరికట్టవలెను. నిలువు పెరుగునకు ప్రాధాన్యమీయవలెను. పెరుగు నిలకడగా నుండవలెను. పెరుగు చివరి మనిషి వరకు చేరవలెను. పట్టణ పెరుగు సరిహద్దును గుర్తించి, దాని వెలుపల పెరుగును అనుమతించరాదు.”

గదిలో ఎవరూ నవ్వలేదు. పై నుంచి వచ్చిన కాగితం చదివేటప్పుడు నవ్వే అలవాటు మా ఆఫీసులో లేదు. నేనే వెనక వరస నుంచి చెయ్యెత్తాను.

“సార్, అది పెరుగుదల అయ్యుంటుందేమోనండి.”

సీతాపతిగారు కళ్ళజోడు కిందికి జార్చి నాకేసి చూశారు. “‘దల’ ఎక్కడుందయ్యా? చూపించు.”

“లేదండి. మర్చిపోయుంటారండి.”

“ఒకసారి మర్చిపోతే పొరపాటు. పదిహేడుసార్లు మర్చిపోతే అది విధానం. కూర్చో.”

కూర్చున్నాను. కమిషనర్‌గారు మాత్రం నా అనుమానాన్ని కొట్టిపారేయలేదు. ఆయనకు లోతుగా ఆలోచించే జబ్బుంది. కళ్ళు మూసుకుని, తెరిచి, “ఇందులో గొప్ప తత్త్వం ఉందండీ” అన్నారు. “పట్టణమంటే పాలు. పాలను వాటి మానాన వదిలేస్తే ఏమవుతాయి? విరిగిపోతాయి. తగు సమయంలో, తగు మోతాదులో, తగు వేడిలో తోడు పెడితేనే పెరుగవుతాయి. ఆ తోడే ప్రభుత్వం. ఈ సర్క్యులర్ రాసినవారు సామాన్యులు కారు.”

అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, నేనూ కొట్టాను. ఆ మాట వింటే నాకే నమ్మబుద్ధి వేసింది.

మర్నాడు పొద్దున్నే పెరుగు సహజంగా ఎక్కడ జరుగుతోందో తేల్చడానికి బయలుదేరాం. ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే మాట చెప్పారు, పాత మార్కెట్ మలుపులో అచ్చాయమ్మ దగ్గరికి వెళ్ళమని.

అచ్చాయమ్మకు అరవై దాటాయి. బట్టల కొట్టు అరుగు పక్కన ఒక గోనెపట్టా, రెండు కుండలు, ఒక కొబ్బరిచిప్ప గరిటె, ఇదీ ఆవిడ దుకాణం. ముప్పై రెండేళ్ళుగా అక్కడే. ఎవరొచ్చినా “ఎప్పుడు తింటావు?” అని అడుగుతుంది. మధ్యాహ్నానికైతే కుడి కుండలోంచి, రాత్రికైతే ఎడమ కుండలోంచి పోస్తుంది. పెరుగు ఏ పూటకు ఎంత పులుస్తుందో ఆవిడకు ముందే తెలుసు. మా విభాగంలో రేపటి సంగతి అంత కచ్చితంగా చెప్పగలిగినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ మా ఇంట్లో పెరుగు ఆవిడదే. పిన్నీ అని పిలుస్తాను.

సీతాపతిగారు కాగితం తీశారు. “ఇచ్చట పెరుగు సహజముగా జరుగుచున్నదా?”

“జరగడమేటండీ బాబూ?” అంది అచ్చాయమ్మ. “రేత్రి తోడెడితే తెల్లారేతలికి తోడుకుంటాదండి. ఎండాకాలం అయితే బేగి, సలికాలం అయితే కాత్త ఆలీసం.”

‘వాతావరణ మార్పుల ప్రభావము గలదు’ అని సీతాపతిగారు రాసుకున్నారు. “గత దశాబ్దములో పెరుగు తీరు ఎట్లున్నది?”

“పుల్లగా లేదండి. కావాలంటే సెయ్యి పట్టండి, ఏత్తాను.”

ఆయన చెయ్యి పట్టారు. రుచి చూశారు. చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత ‘ఆశాజనకము’ అని రాశారు.

ఆ సాయంత్రమే నేను పటం మీద అచ్చాయమ్మ కుడి కుండ ఉండే చోట వృత్తలేఖిని ముల్లు గుచ్చి, మేడిచర్ల పెరుగు కేంద్రం గుర్తించాను. అక్కడి నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు పెరుగు నడవాలు గీశాను. ఆరు కిలోమీటర్ల దూరంలో చుట్టూ పెరుగు సరిహద్దు తిప్పాను. అచ్చాయమ్మకు చూపిస్తే పొంగిపోయింది. “ఊరంతా నా కుండ సుట్టూ తిప్పేసేవేటి బాబూ!” అని బుగ్గలు నొక్కుకుంది. ఆ రోజు చిప్పెడు పెరుగు కొసరు పోసింది కూడా.

ఇక ప్రణాళికను అమలులో పెట్టాం.

ప్రణాళిక లేని పెరుగంటే ఏమిటో తేలడానికి రెండు సమావేశాలు పట్టాయి. అనుమతి లేకుండా జనం తమ ఇళ్ళలో తోడుపెట్టుకుంటున్న పెరుగే అదని తీర్మానించారు. లెక్క వేస్తే ఊళ్ళో తొంభై తొమ్మిది శాతం పెరుగు అక్రమమని తేలింది. “ఇన్నాళ్ళూ ఈ పురపాలక సంఘం నిద్రపోయింది” అని కమిషనర్‌గారు బాధపడ్డారు. వెంటనే అక్రమ పెరుగు క్రమబద్ధీకరణ పథకం ప్రకటించారు. దరఖాస్తులో పాలు ఎక్కడివి, తోడు ఎవరింటి నుంచి తెచ్చారు, గిన్నె ఎత్తు ఎంత, గిన్నెకు నాలుగు వైపులా ఎంత ఖాళీ వదిలారు అని నింపాలి. గిన్నె కొలతలతో పటం జతచేయాలి. ఆ పటాలు గీసిపెట్టమని ఊరంతా మా ఇంటికొచ్చింది. నా పెళ్ళికి కూడా అంతమంది రాలేదు.

వంటింటి తనిఖీలు మొదలైన మూడో రోజున సీతాపతిగారి ఇంట్లోనే రెండు గిన్నెల అక్రమ పెరుగు బయటపడింది. ఆయన నిక్కచ్చి మనిషి. తనకు తానే నోటీసు ఇచ్చుకున్నారు. తనకు తానే జవాబు రాసుకున్నారు. జవాబు సంతృప్తికరంగా లేదని తానే తేల్చారు. చివరికి తన ఎదుట తానే విచారణకు హాజరై, గడువు కోరి, దయతలచి ఇచ్చుకున్నారు. ఆ కేసు తేలేదాకా వాళ్ళింట్లో తోడు పెట్టడానికి వీల్లేకపోయింది. ఆయన భార్య ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదని చెప్పుకున్నారు.

నిలువు పెరుగుకు ఉట్టే మార్గమని ఛైర్మన్‌గారు సలహా ఇచ్చారు. ఆఫీసు ఆవరణలో ఒకదాని మీద ఒకటిగా ఐదు అంతస్తుల ఉట్టి కట్టించారు. పై అంతస్తులోని కుండ దించడానికి వీధి దీపాలు మార్చే బండి నిచ్చెన వాడాల్సి వచ్చేది. ఆ నిచ్చెన అక్కడే ఉండిపోవడంతో నాలుగు వీధుల్లో దీపాలు ఆరిపోయాయి గానీ, నిలువు పెరుగు మాత్రం జిల్లాలో మాదే మొదటిది.

తర్వాత చివరి మనిషిని వెతికాం. ఇరవై నాలుగో వార్డులో, ఆఖరి సందులో, ఆఖరి ఇంట్లో బుల్లియ్య అనే ముసలాయన దొరికాడు. అవతల ఇక చేలే. కమిషనర్‌గారు స్వయంగా కుండ పట్టుకుని, బాజాతో వెళ్ళారు. బుల్లియ్య మంచం దిగి దణ్ణం పెట్టాడు.

“నాకు పెరుగు పడదండి బాబూ. దగ్గొచ్చేత్తాదండి.”

కమిషనర్‌గారు వెనక్కి తిరిగి నాతో, “రాసుకో. చివరి మనిషికి పెరుగు పడదు, దగ్గు వచ్చును” అన్నారు. రాసుకున్నాను. అది దస్త్రంలో చేరింది.

సరిహద్దు సంగతి మాత్రం ఎవరూ అనుకోని తిరుగు తిరిగింది. సరిహద్దు వెలుపల పెరుగు ఉండకూడదు కనుక, ఊరి చివర కాలువ వంతెన మీద కాపలా పెట్టారు. పొరుగూళ్ళ నుంచి బజారుకు వచ్చి, పెరుగు కొనుక్కుని వెళ్ళేవాళ్ళను అక్కడ ఆపేవారు. పారబొయ్యడానికి మనసొప్పక జనం అక్కడే కూర్చుని తినేసి వెళ్ళడం మొదలుపెట్టారు. వట్టి పెరుగు ఎలా తింటారని ఒకావిడ అన్నం తెచ్చి పెట్టింది. ఇంకొకావిడ ఊరమిరపకాయలు వేయించింది. వారం తిరిగేసరికి వంతెన పక్కన బల్లలు, కుర్చీలు, పాటల డబ్బా వచ్చాయి. కాపలావాళ్ళు కూడా భోజనానికి ఇంటికి పోవడం మానేశారు. మహా ప్రణాళికలో వంతెన దగ్గర నేనేమీ గీయలేదు. మేడిచర్లలో ఆ ఏడాది నిజంగా ఏదైనా ఎదిగిందంటే అదొక్కటే.

ఇంతవరకూ వేడుకగానే ఉంది. ఒక సోమవారం నాడు పై ఆఫీసు సంచాలకులు అనంతశయనంగారు వచ్చే నెల తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆయన చేతుల మీదుగా పెరుగు కేంద్రానికి శంకుస్థాపన చేయించాలని కమిషనర్‌గారు నిర్ణయించారు. మూడంతస్తుల భవనం, ముందు స్వాగత తోరణం, లోపల సమావేశ మందిరం. కట్టాలంటే స్థలం ఖాళీగా ఉండాలి. స్థలంలో అచ్చాయమ్మ ఉంది.

నోటీసు తయారైంది. దాన్ని ఇచ్చి రమ్మని నన్నే పంపారు. ఆవిడకు చదువు రాదు కనుక నేనే చదివాను.

“మేడిచర్ల పెరుగు కేంద్రమునకు అడ్డుగా నున్న మీ పెరుగును పదునైదు దినములలో తొలగించి, పెరుగు సరిహద్దునకు ఆవల మీకు కేటాయించిన స్థలమునకు తరలిపోవలెను.”

అచ్చాయమ్మ ఇంకా ఏదో ఉంటుందని నా మొహంలోకి చూసింది. ఏమీ లేదు.

“పెరుగు కేంద్రానికి నా పెరుగు అడ్డా బాబూ?”

నేను నోటీసు మడతపెట్టాను.

“ఆ అవతల సోటు మంచిదేనా? నలుగురూ వత్తారా?”

“అక్కడ పెరుగు అమ్మకూడదు పిన్నీ. సరిహద్దు అవతల నిషేధం.”

“మరక్కడేం సెయ్యను?”

“ఉండొచ్చు” అన్నాను. ఆ మాట అన్నందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. అచ్చాయమ్మ గోనెపట్టా అంచు సర్దుకుంటూ కూర్చుంది. ఆ కుండ ఉన్నచోట ముల్లు గుచ్చింది ఎవరో కాదు, నేనే. పటం మీద ఒక మనిషి ఉంటుందని ఇరవై రెండేళ్ళలో నాకెప్పుడూ తట్టలేదు. చాలా సిగ్గేసింది.

మర్నాడు ఆవిడే ఆఫీసుకొచ్చింది. కమిషనర్‌గారు కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. ఆయన చెడ్డవాడు కాడు, అదే అసలు ఇబ్బంది.

“అమ్మా, మీరే లేకపోతే ఈ కేంద్రమే లేదు. మీ త్యాగాన్ని శిలాఫలకం మీద మొదటి వరసలో చెక్కిస్తాను.”

“పేరెందుకండీ అయ్యగారూ, నాకు సదవడమే రాదు. సోటుంచండి సాలు. ముప్పై రెండేళ్ళ నుంచి ఆ మలుపులోనే కూకుంటన్నాను. అవతలికెల్తే నన్నెవరెరుగుదురండీ?”

“అర్థం చేసుకోగలను. కానీ ప్రణాళికలో మనుషుల కోసం మార్పులు చేస్తూ పోతే అది ప్రణాళిక కాదు కదమ్మా” అన్నారాయన, చాలా మెత్తగా. అచ్చాయమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. పోతూ పోతూ నాకేసి ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

సంచాలకులవారు వచ్చిన రోజున మార్కెట్ మలుపంతా తోరణాలు. గడువు ఇంకా రెండు రోజులుంది కనుక అచ్చాయమ్మ తన చోటులోనే, వేదిక పక్కనే కూర్చుని ఉంది. అనంతశయనంగారు సన్నగా, నిద్ర సరిపోనివాడిలా ఉన్నారు. కారు దిగగానే చుట్టూ చూశారు.

“గ్రోత్ సెంటర్ ఏదండీ?”

ఇంగ్లీషు మాట వినబడగానే మావాళ్ళంతా తలలు వంచుకున్నారు. కమిషనర్‌గారు వినయంగా, “అయ్యా, ఆ భాష మేం వాడటం లేదండి. ఇదిగో, పెరుగు కేంద్రం” అని కుండలు చూపించారు. తర్వాత చక్కగా వివరించారు. క్రమబద్ధీకరించిన పెరుగు ఎంత, అక్రమ పెరుగు ఎంత, ఐదంతస్తుల ఉట్టి, చివరి మనిషి దగ్గు. సంచాలకులవారు నోరు తెరిచి వింటున్నారు. అది మెచ్చుకోలు అనుకుని కమిషనర్‌గారు ఉత్సాహంగా అచ్చాయమ్మ ఎడమ కుండ ఎత్తి, సభ ముందు తలకిందులుగా పట్టుకున్నారు. ఒక్క బొట్టు కూడా జారలేదు.

“నిలకడైన పెరుగు సార్” అన్నారు.

జనం ఈలలు వేశారు. సంచాలకులవారు సర్క్యులర్ తెమ్మన్నారు. తెచ్చాం. పై నుంచి కిందిదాకా చదివారు. పదిహేడు చోట్లా ఆయన వేలు ఆగింది. ఆఖరున ఆగిన చోట ఆయన సంతకమే ఉంది.

అచ్చాయమ్మే లేచి, “బాబుగోరు ఎండన పడొచ్చేరు” అంటూ ఉప్పూ అల్లం వేసిన మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. ఆయన తాగారు. ఇంకో గ్లాసు అడిగి తాగారు. అప్పటికి మనిషి కాస్త తేరుకున్నారు.

శంకుస్థాపన ఆగిపోయింది. ఆఫీసు గదిలో తలుపులు వేసుకుని ఆయనా, కమిషనర్‌గారూ, సీతాపతిగారూ కూర్చున్నారు. పటాలు విప్పడానికి నేనూ ఉన్నాను.

“పెరుగుదల అని సవరిస్తే సరిపోతుందండి” అన్నాను.

“‘దల’ చేరిస్తే ‘దల’ జారిపోయిందని ఒప్పుకున్నట్టు కాదా?” అన్నారు సంచాలకులవారు. సీతాపతిగారు నాకేసి గర్వంగా చూశారు, ముందే చెప్పలేదా అన్నట్టు. చాలాసేపు ఆలోచించి అనంతశయనంగారు సవరణ చెప్పారు, నేను రాశాను. ‘పై విషయమునకు సంబంధించిన సమస్త పత్రములలోను, పెరుగు అని యున్న ప్రతి చోట అభివృద్ధి అని చదువుకొనవలెను. పెరుగు అను మాట ఇకమీదట ఈ కార్యాలయ పత్రములలో వాడరాదు.’ దాని మీద సంతకం పెట్టి, ఒక కుండ కట్టించుకుని ఆయన వెళ్ళిపోయారు.

“సమస్త పత్రాలూ సరిచేసి రేపటికల్లా పెట్టు” అని కమిషనర్‌గారు నాకు పురమాయించారు. “ప్రతి చోటా. ఒక్కటి కూడా మిగలకూడదు.”

నేను పైవాళ్ళు చెప్పింది చేసే మనిషినని మొదట్లోనే చెప్పాను. అంత శ్రద్ధగా నేనెన్నడూ పనిచేయలేదు. దరఖాస్తులో ‘రాత్రి తోడుపెట్టిన పెరుగు’ అన్నది ‘రాత్రి తోడుపెట్టిన అభివృద్ధి’ అయింది. సీతాపతిగారి ఇంట్లో రెండు గిన్నెల అక్రమ అభివృద్ధి పట్టుబడినట్టు నమోదైంది. బుల్లియ్య కాగితం ‘చివరి మనిషికి అభివృద్ధి పడదు, దగ్గు వచ్చును’ అని సవరించాను. అది చదివి మా గుమాస్తా కాసేపు గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆఖరున అచ్చాయమ్మ నోటీసు తీశాను. గడువు మర్నాటితో ముగుస్తుంది కనుక, ఆమెను లేపడానికి తుది ఉత్తర్వు అదే నమూనాలో వెళ్ళాలి. సరిచేసి కమిషనర్‌గారి ముందు పెట్టాను. ఆయన కలం మూత తీసి, చదివి, ఆగి, మళ్ళీ పైకి చదివారు.

“మేడిచర్ల అభివృద్ధి కేంద్రమునకు అడ్డుగా నున్న మీ అభివృద్ధిని తొలగించి, అభివృద్ధి సరిహద్దునకు ఆవల… ఏమిటయ్యా ఇది?”

“ఉత్తర్వు ప్రకారం మార్చానండి. ప్రతి చోటా అన్నారు.”

“అభివృద్ధిని తొలగించమని నేను సంతకం పెడితే రేపు పేపర్లవాళ్ళు నన్ను బతకనిస్తారా?”

సీతాపతిగారు ముందుకు వంగారు. “ఈ ఒక్క కాగితంలో పాత మాటే ఉంచుదామండి.”

“ఆ మాట ఇక వాడకూడదు కదండి” అన్నాను. “సంచాలకులవారి సంతకం ఉంది.”

“పోనీ, ఆవిడ అమ్మే పదార్థం అని రాద్దాం.”

“ఏ పదార్థమని అడిగితే చెప్పాలి కదండి. చెప్పడానికి మనకు మాట లేదు.”

ముగ్గురం ఆ కాగితం చుట్టూ చాలాసేపు కూర్చున్నాం. పాలు చిక్కబడిన స్థితి అన్నారు ఒకరు. గడ్డకట్టిన తెల్లని ద్రవం అన్నారు ఇంకొకరు. అలాంటిదాన్ని తొలగించమంటే ఆరోగ్య శాఖ పరిధిలోకి పోతుందని కమిషనర్‌గారు భయపడ్డారు. చివరికి నిట్టూర్చి కలానికి మూత పెట్టేశారు. కాగితం అంచున ‘తగు పదము లభించు వరకు యథాస్థితి’ అని రాసి నాకిచ్చారు. నేను దాన్ని బీరువాలో అన్నిటికన్నా అడుగున పెట్టాను.

నడిస్తే ఆలస్యమవుతుందని మార్కెట్ దాకా పరుగెత్తాను. నా వయసుకు అది బాగోదని తెలుసు. అచ్చాయమ్మ కుండలు ముందే కడిగి బోర్లించి, గోనెపట్టా మడతపెట్టుకుని కూర్చుని ఉంది.

“లేవక్కర్లేదు పిన్నీ” అన్నాను, ఆయాసంతో. “నువ్విక్కడే.”

“ఎన్నాళ్ళు?”

“నీ దగ్గరుండేదాన్ని ఏమంటారో ఆఫీసువాళ్ళకు తెలిసేదాకా.”

ఆవిడకు ఆ మాట అర్థమయిందో లేదో తెలియదు. మడతపెట్టిన పట్టా మాత్రం మళ్ళీ పరిచేసింది. పరుస్తూ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఏదైనా అనాలని, వంతెన దగ్గర మిరపకాయలు బాగుంటున్నాయని చెప్పాను.

మర్నాడు ఆదివారం. పది దాటాక వెళ్ళేసరికి సీతాపతిగారు నాకన్నా ముందే అక్కడున్నారు. చేతిలో స్టీలు క్యాను. వాళ్ళింట్లో తోడుపెట్టడానికి ఇంకా అనుమతి రాలేదు. ఆ మాట నోట అనకూడదు, క్యాను ఖాళీగా తీసుకెళ్ళకూడదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

“ఏమమ్మా, అభివృద్ధి ఉందా?”

అచ్చాయమ్మ కుడి కుండలోకి చూసింది, ఎడమ కుండలోకి చూసింది, గరిటెతో అడుగు గీకి చూసింది.

“అయిపోయిందండి బాబూ” అంది. “పొద్దున్నే వచ్చినోళ్ళు పట్టుకుపోయారు. రేపు బేగి రండి.”